వంటగట్టు కోసం చీమకుర్తి

ఒంగోలు అనగానే మన కళ్ళకు గిత్త కనిపిస్తుంది. మూపురం ఎత్తి, గంగడోలు ఊపుకుంటూ నడిచే ఆ తెల్లని గిత్తను ఎదుట చూడనివాళ్ళు కూడా ఏ క్యాలెండరు బొమ్మలోనో చూచే ఉంటారు. ఒంగోలుకు పడమరగా ఇరవై కిలోమీటర్ల పై చిలుకు దూరంలో, గిత్తకు తీసిపోని పేరున్న సరుకు మరొకటి ఉంది. దాని రంగు కాటుక నలుపు. ఆ నలుపులో బంగారు రజను చల్లినట్టు సన్నని చుక్కలు. దేశాంతరాలలో రాళ్ళ దుకాణానికి వెళ్ళి ‘బ్లాక్ గెలాక్సీ’ అంటే చాలు, ఈ రాయి తెచ్చి ముందు పెడతారట. దాని పుట్టిల్లు మన చీమకుర్తి.

మేము అక్కడికి వెళ్ళింది వింత చూద్దామని కాదు. మా వంటింటి గట్టుకు రాయి కావలసి వచ్చింది. “తెనాలిలో రాళ్ళ దుకాణాలు లేవా, అంత దూరం పోవాలా?” అని కాలేజీ స్టాఫు రూములో అడగనివారు లేరు. లేకేం, ఉన్నాయి. వాటిని చూచిన మీదటనే ఈ ప్రయాణం పెట్టుకోవలసి వచ్చింది.

ముందు మా గట్టు సంగతి చెప్పాలి. ఇరవై ఏళ్ళ కిందట, మా పెళ్ళయిన కొత్తలో, మా మామగారు రేపల్లెలో తమ తాతలనాటి పెంకుటిల్లు విప్పించారు. అందులో వచ్చిన టేకు దూలాలను అమ్ముకోక కోయించి, వడ్రంగిని ఇంట్లో కూర్చోబెట్టి, కూతురి వంటింటికి గట్టు కింద అరలూ తలుపులూ నాలుగు సొరుగులూ చేయించి పంపించారు. పిడులు ఇత్తడివి. మామగారు వెళ్ళిపోయి మూడేళ్ళవుతోంది. మా ఆవిడ ఇప్పటికీ పండుగ వచ్చిందంటే ఆ పిడులు చింతపండుతో తోముతుంది. చెక్క చెక్కుచెదరలేదు గాని, పైన పరిచిన కడప బండ మాత్రం పొయ్యి పక్కన నిలువునా నెర్రె ఇచ్చింది.

కడప బండను నేను తీసిపారెయ్యను. చౌక, వేడికి జడవదు, మన తాత తండ్రుల కాలం నుంచి అరలకూ అరుగులకూ అదే దిక్కు. కాని అది సున్నపురాయి జాతి. సున్నపురాయికీ పులుపుకూ పడదు. నిమ్మచెక్క బోర్లా పెట్టి మరచిపోతే తెల్లని చంద్రవంక మిగిలిపోతుంది. పులిహోర, చారు, ఆవకాయ తయారయ్యే ఇంట్లో ఇరవై ఏళ్ళు గడిచేసరికి మా బండ మీద ఇలాటి చంద్రవంకలు లెక్కకు మించి ఉన్నాయి. తాడిపత్రి రాయి, బేతంచెర్ల రాయి, తాండూరు రాయి అన్నీ ఈ కుటుంబంవే. నేల మీదకు దివ్యంగా ఉంటాయి. పులుపు పిసికే చోట మెరుగు నిలవదు.

వంటిళ్ళు మార్చే కుర్రవాడు ఒకడు వచ్చి, టేపు సాచి నాలుగు గోడలూ కొలిచి, “ఈ చెక్కంతా పీకేద్దాం మాస్టారూ, కొత్త రాయికి పాత తలుపులు నప్పవు” అని 2,40,000 రూపాయలకు లెక్క రాసిచ్చాడు. మా ఆవిడ ఆ కాగితం రెండుసార్లు చదివి, మడిచి పోపులపెట్టె కింద పెట్టింది. “నప్పని రాయి మానేసి నప్పే రాయి తెచ్చుకుందాం” అంది. ఆ నెలలోనే అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలి. గట్టు పద్దు కింద నేను తీసి ఉంచగలిగింది 15,000.

తెనాలిలో మూడు దుకాణాలు తిరిగాము. ఒకచోట పాలరాయి చూపించారు. అదీ సున్నపు జాతే. దాని మీద పసుపు పడితే ఇక చెప్పనక్కరలేదు. మరోచోట పెద్ద టైల్సు అన్నారు. అతుకుల మధ్య జిడ్డు ఎవరు గీకుతారని మా ఆవిడ మొదటి నిమిషంలోనే వాటిని కొట్టేసింది. ఇప్పుడు అందరూ చెప్పుకునే క్వార్ట్జు పలకల దగ్గర మాత్రం కాసేపు ఆగాము. తెల్లగా, ఒక్క మచ్చ లేకుండా, పెళ్ళికూతురి చీరలా ఉన్నాయి. పలుగురాతి పొడిని జిగురులాటి రెజిన్‌తో కలిపి అదిమి చేస్తారు వాటిని. అందువల్లనే కాగుతున్న బాణలి దించి నేరుగా వాటి మీద పెడితే జిగురు కమిలి మచ్చపడుతుంది. ధర అడుగు 480. వాటి గురించి ఇంకో సంగతి ఉంది. ఆ పలకలను పొడిగా కోసేటప్పుడు లేచే సన్నని ధూళి పనివాళ్ళ ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అనే నయంకాని జబ్బు తెస్తోందని, ఆస్ట్రేలియా దేశం 2024 జూలై 1 నుంచి ఈ రకం రాతి తయారీ, అమ్మకం, బిగింపు అన్నీ నిషేధించింది. నేను ఈ మాట చెబితే దుకాణదారు నవ్వి, “అది ఆస్ట్రేలియా సార్, ఇది తెనాలి” అన్నాడు. ఊపిరితిత్తులకు ఊరితో ఏం పని?

గెలాక్సీ రాయి అడుగు 280 అన్నాడు. అప్పుడే మా ఆవిడకు బుద్ధి పుట్టింది, పుట్టినచోటికే వెళ్ళి చూద్దామని.

ఉదయం రైలు ఎక్కాము. మా ఆవిడ చేతిలో గుడ్డ సంచి. అందులో రేపల్లె టేకు సొరుగు ఒకటి, రెండు నిమ్మకాయలు. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి చాలాసేపు తమాయించుకొని, బాపట్ల దాటాక “ఏమమ్మా, సొరుగును ఎక్కడికి తీసుకుపోతున్నారు?” అని అడిగాడు. “సంబంధం చూడ్డానికి బాబాయిగారూ” అంది మా ఆవిడ. పెట్టెలో నవ్వులు. ఆ తరువాత ఆయన తన ఇంటి గట్టు కథ చీరాల వరకు చెప్పాడు.

వేటపాలెం దాటుతున్నప్పుడు నాకు ఎప్పటిలాగే మనసు లాగింది. 1918లో వెలసిన సారస్వత నికేతనం ఆ ఊళ్ళోనే ఉంది. తెలుగు మేష్టరుగా పుట్టినవాడు అక్కడ దిగకుండా పోవడం పాపమే. కాని సంచిలోని నిమ్మకాయలు పుస్తకాలకు పనికిరావు. చినగంజాం దగ్గర ఉప్పుమళ్ళు ఎండలో తళతళలాడాయి. ఒంగోలులో దిగి పొదిలి బస్సు పట్టుకున్నాము. ఈ సీమ 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టుకుంది. అంతకు పూర్వం మాటయితే, అద్దంకి ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఎఱ్ఱన మెలగిన ప్రాంతం. సంతనూతలపాడు దాటేవరకూ పొగాకు బేరన్లూ పొలాలూ కనిపిస్తాయి. ఆ తరువాత రోడ్డుకు రెండువైపులా రాళ్ళు మొదలవుతాయి.

మొదట అవి కొండలనుకున్నాను. చెట్టూ చేమా లేని బూడిదరంగు కొండలు. పక్కనున్న కుర్రవాడు “కొండలు కాదండీ, డంపులు” అన్నాడు. క్వారీలో పనికిరాదని పోసిన రాయి అది. తవ్విన రాతిలో ఎక్కువ భాగం ఈ గుట్టలకే వస్తుందట. పగులు లేకుండా, చుక్కలు సమంగా పడి, నలుచదరంగా వచ్చిన దిమ్మ మాత్రమే ఓడ ఎక్కుతుంది.

రామతీర్థం వైపున ఒక క్వారీ అంచున నిలబడి లోపలికి చూచే అవకాశం దొరికింది. కోనేరు మెట్లు చూచారు కదా? ఒక్కొక్క మెట్టు రెండు మూడు నిలువుల ఎత్తుండే కోనేటిని ఊహించుకోండి. అడుగున పచ్చని నీళ్ళు. గోడ చుట్టూ తిరుగుతూ దిగే దారిలో లారీలు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. వజ్రపు పూసలు గుచ్చిన ఇనుపతీగ గిర్రున తిరుగుతూ, నీళ్ళు పోస్తూ ఉంటే రాయిని వెన్నలా కోసుకుపోతోంది. కోసిన ముఖం మీద నీళ్ళు జారినప్పుడు ఒక్క క్షణం బంగారు చుక్కలు మెరిసి, ఆరగానే బూడిదరంగులో కలిసిపోతున్నాయి. అక్కడ పనిచేసేవారిలో ఒడిశా, బీహారు కుర్రాళ్ళు చాలామంది. ముక్కుకు తువ్వాలు చుట్టుకున్నారు కొందరు. కొందరికి అదీ లేదు.

అంగడిలో దీన్ని గ్రానైటు అంటారు గాని, భూగర్భశాస్త్రం తెలిసినవారు ఒప్పుకోరు. గాబ్రో జాతి అంటారు. వంద కోట్ల ఏళ్ళకు పైమాట, భూమి లోపల కరిగిన రాయి తాపీగా చల్లారి గట్టిపడితే ఇలా తయారయిందట. ఆ చుక్కలు బంగారం కాదు. బ్రాంజైటు అనే ఇనుము కలిసిన ఖనిజపు పలుకులు. మన వంటింటికి కావలసిన ముక్క ఒక్కటే: ఇది సున్నపురాయి జాతి కాదు, వంటింటి పులుపు దీన్ని ఏమీ చెయ్యలేదు.

ఆ సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పినంత బాగా ఊళ్ళో ఒక సోడాబండి చెప్పింది. చీమకుర్తిలో విరిగిన గెలాక్సీ ముక్కలకు కొదవలేదు. గడపలకు అదే, అరుగులకు అదే, బడ్డీకొట్టు ముందు బెంచీకీ అదే. సోడాబండి మీద పరిచిన పలక కూడా అదే. దాని మీద ఒకామె రోజుకు వందలకొద్దీ నిమ్మకాయలు కోస్తుంది. మా ఆవిడ సోడా తాగడం మానేసి, పలకను వంగి పరకాయించి చూచింది.

“ఎన్నేళ్ళయింది ఈ బండ వేసి?”

“మా పెద్దోడు పుట్టినప్పటిదక్కా. ఆడు తొమ్మిదో తరగతి.”

“మెరుగు పోలేదా?”

“బండకేమైద్ది? నా చేతులే గరుకుదేలినయ్.”

మా ఆవిడ రెండో సోడా కూడా తాగింది. సంచిలోని మా నిమ్మకాయలకు ఇక పని లేదనుకున్నాను, అది తొందరపాటు. రాళ్ళ యార్డులో అడుగుపెట్టగానే సొరుగూ నిమ్మకాయలూ బయటికి వచ్చాయి.

యార్డు గుమాస్తా ఏళ్ళ తరబడి ఆ ధూళిలో నలిగిన మనిషి. మొదట మమ్మల్ని పెద్ద పలకల దగ్గరికి తీసుకువెళ్ళాడు. తొమ్మిది పదేసి అడుగుల పొడవున, అద్దాల్లా వరసగా నిలబెట్టి ఉన్నాయి. నేను అక్కడే ఆగిపోయాను. నిజం చెప్పవద్దూ, అమావాస్య నాటి ఆకాశాన్ని ముక్కలు కోసి అమ్ముతున్నట్టుంది. అడుగు 210 అన్నాడు.

మా ఆవిడ సొరుగు తీసి ఒక పలకకు ఆనించింది. టేకు మీద ఇత్తడి పిడి, వెనుక బంగారు చుక్కల నలుపు. చూడముచ్చటగా ఉంది. “బాగుంది గదమ్మా!” అన్నాడు గుమాస్తా.

“ఎండలో అన్నీ బాగుంటాయి నాయనా. మా వంటింట్లో ఎండ రాదు. నీడలో, పడుకోబెట్టి చూపించు” అంది.

షెడ్డు కింద ఒక ముక్కను బల్లమీద పడుకోబెట్టారు. అక్కడ చుక్కలు ఆరిపోయాయి. నలుపు ఒక్కటే మిగిలింది. మా వంటింటికి తూర్పున ఒక్కటే కిటికీ. అదీ పక్కింటివారి గోడకు ఎదురుగా. తలుపులు ముదురు టేకు. పైన ఇంత నలుపు పరిస్తే పగలే దీపం పెట్టుకోవాలి. పైగా మాది బోరు నీళ్ళు. నల్లని మెరుగు మీద ఉప్పునీళ్ళు ఆరితే తెల్లని చారలు కడతాయని, రోజుకు నాలుగుసార్లు పొడిగుడ్డతో తుడవక తప్పదని గుమాస్తా తానే ఒప్పుకున్నాడు. అమ్మేవాడు ఈ మాట చెప్పాడంటే మంచివాడని అర్థం.

కరీంనగర్ నుంచి వచ్చే టాన్ బ్రౌన్ చూపించాడు. గోధుమరంగు మీద గోధుమరంగు. సొరుగు అందులో కలిసిపోయింది. తెల్లని రకం ఒకటి చూపిస్తే మా ఆవిడ చెంబుతో నీళ్ళు పోసి పది నిమిషాలు ఆగింది. తుడిచాక ఆ మేర రాయి ముదురుగా కనిపించింది. నీళ్ళు తాగే రాయి నూనె కూడా తాగుతుంది; పసుపూ తాగుతుంది. పైపూత వేసుకోవచ్చు గాని, అది మళ్ళీ మళ్ళీ వేయించుకుంటూ ఉండాలి.

షెడ్డు చివర, ఎవరూ పట్టించుకోని మూల, స్టీల్ గ్రే పలకలు ఆనించి ఉన్నాయి. అదీ ఈ ఒంగోలు ప్రాంతపు రాయే. ఉడుకుతున్న ఉలవచారు మీద ఆవిరి లేచినప్పటి బూడిదరంగు. అందులో ముదురు మచ్చలు, అక్కడక్కడ వెండిపలుకులు. సొరుగు ఆనించగానే టేకు ఎర్రగా పైకి తేలింది. మా వంటింటి నేల మొజాయిక్. అందులోని నల్లముక్కలూ తెల్లముక్కలూ కలిపి నూరితే సరిగ్గా ఈ రంగే వస్తుంది. మా ఆవిడ ఏమీ అనలేదు. సొరుగును అలాగే పట్టుకొని కాసేపు నిలబడింది. ఆ సొరుగు అడుగున మామగారు పెన్సిలుతో రాయించిన కొలతలు ఇంకా ఉన్నాయి. ఆమె చూపు వాటి మీద ఉందో, రాయి మీద ఉందో నేను అడగలేదు.

ధర అడుగు 85. ఇంత చౌక ఎందుకని అనుమానం వచ్చింది. గుమాస్తా చెప్పిన కారణం తెలుసుకోదగినది. పెద్ద దిమ్మలను గ్యాంగ్‌సా యంత్రం మీద కోస్తారు. పెద్ద పలకలు వస్తాయి, వాటికి ఎగుమతి ధర. చిన్నవీ, వంకరవీ అయిన దిమ్మలను మామూలు కట్టరు మీద కోస్తారు. రెండు మూడడుగుల వెడల్పు పలకలే వస్తాయి. వీటిని ‘కట్టర్ సైజు’ అంటారు. హాలు నేలకు పనికిరావని బేరం తక్కువ. మరి మన గట్టు వెడల్పు ఎంత? రెండడుగులే! పెద్ద పలక కొన్నా దాన్ని రెండడుగులకే కోసుకోవాలి కదా. దుకాణాలలో ఈ సంగతి అడిగితేనే గాని చెప్పరు.

అయితే చౌకలో చూచుకోవలసినవి ఉన్నాయి. కట్టర్ పలకల మందం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. అంచు వెంట వేలు నడిపి చూడాలి. 18 మిల్లీమీటర్లకు తగ్గితే సింకు కన్నం కోసేచోట విరుగుతుంది. నాణెంతో కొడితే గంటలా పలకాలి. బొంగురుగా మోగితే లోపల నెర్రె ఉన్నట్టు. తడిపి ఆరనిస్తే పగులున్నచోట తడి గీత వెనకబడుతుంది. నల్లరాయి కొనేవారికి ఇంకొక మాట: కొన్ని పలకలకు రంగు పట్టించి నలుపు చేస్తారు. ఆడవాళ్ళ గోళ్ళరంగు తుడిచే మందు తెల్లగుడ్డకు అద్ది రుద్దితే ఆ గుట్టు బయటపడుతుంది. ఈ పరీక్ష కూడా గుమాస్తాయే నేర్పాడు. చివరికి మా నిమ్మకాయకూ వంతు వచ్చింది. చెక్క కోసి స్టీల్ గ్రే మీద బోర్లించి, మేము భోజనానికి వెళ్ళి వచ్చాము. తుడిస్తే ఏమీ లేదు.

బేరం కుదిరాక అసలు చిక్కు తేలింది. పాత కడప బండ మందం అంగుళంన్నర. కొత్త పలక ముప్పాతిక అంగుళం కన్నా తక్కువ. బండ తీసి పలక వేస్తే తలుపుల పైన వేలు దూరేంత సందు మిగులుతుంది, బొద్దింకలకు సింహద్వారం. తలుపులు పీకేద్దామన్న కుర్రవాడు చూచింది ఈ సందునే కాబోలు. గుమాస్తా తల గోక్కోలేదు. పలక ముందంచు కింద అదే రాతి పట్టీ ఇంకొకటి అతికించి, రెండూ కలిపి గుండ్రంగా సానపడితే అంగుళంన్నర అంచు అవుతుంది. ఎత్తూ మారదు, సందూ ఉండదు అన్నాడు. అంచు తలుపుల కంటె అంగుళం ముందుకు ఉండాలనీ, దాని అడుగున పొడుగునా సన్నని గాడి తీయించాలనీ మా ఆవిడ అడిగింది. గాడి ఉంటే కారే నీరు లోపలికి పాకకుండా అక్కడే బొట్టుగా రాలిపోతుంది; టేకు తడవదు. ఈ గాడి సంగతి ఆమెకు ఎవరు చెప్పారంటే, మా పాత ఇంటి చూరు రాయి.

మా గట్టు ఎల్ ఆకారం: ఒక గోడకు తొమ్మిదడుగులు, రెండో గోడకు ఆరు. మూల ఒక్కసారే లెక్కేస్తే 26 చదరపు అడుగులు. గోడవార పట్టీకి అయిదు, తరుగుకు మరో అయిదు కలిపి 36 అడుగులు తీసుకున్నాము. 3,060 రూపాయలు. అంచు పని 13 అడుగులకు 1,560. తెనాలికి సరుకు తోలే లారీలో మా పలకలకూ చోటిచ్చి 1,200 పుచ్చుకున్నారు. పలకలను పడుకోబెట్టరు, నిలువుగా, అంచు మీద, గడ్డి ఆసరాతో కట్టి పంపుతారు. పడుకోబెడితే దారిలో గతుకులకు నడుం విరుగుతుంది. ఒక్క అడుగు ముక్క దాదాపు అయిదు కిలోలు. మా గట్టు మొత్తం 120 కిలోల పైన తూగింది. ఆ బరువు మోసేది కింది ఇటుక గోడలే గాని చెక్క కాదు. మీ ఇంట్లో పలక నేరుగా చెక్కపెట్టెల మీదే కూర్చునేటట్టయితే ముందు వడ్రంగిని పిలవండి.

తెనాలిలో బిగింపుకు మేస్త్రి 4,500 తీసుకున్నాడు. సింకు కన్నం వంటింట్లోనే కోస్తానన్నాడు. దొడ్లో, గొట్టంతో నీళ్ళు పోస్తూ కొయ్యాలని, అతని కుర్రవాడికి ముక్కుగుడ్డ కట్టాలని మా ఆవిడ పట్టుబట్టింది. గంట ఆలస్యమైంది, కోతకు 500 అడిగాడు, ఇచ్చాము. మొత్తం 10,820. రైలు ఖర్చూ సోడాలూ వేరు.

రాళ్ళు దిగిన సాయంత్రం సొరుగు తిరిగి దాని అరలో చేరింది. అన్నట్టు, సింకు కోసం కోసిన ముక్కను మేస్త్రి సంచిలో వేసుకోబోతుంటే మా ఆవిడ అడిగి తీసుకుంది. ఆ ముక్క మనదే, డబ్బిచ్చి కొన్నదే. అంచులు సాన పట్టించింది. ఇప్పుడు దాని మీద చపాతీలు వత్తుతున్నాము.